సన్నబడ్డాక చర్మం ఖర్చు ఎవరు భరించాలి?

జగ్గయ్యపేట, నందిగామ. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరుపడి, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన ఊళ్లు. మిరప, పత్తి పండే నేల, సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, మధ్యలో హైదరాబాద్ రోడ్డు. ఈ ఊళ్లలో కొన్నేళ్లుగా బరువు తగ్గడం గురించిన మాట ఇంటింటా వినిపిస్తోంది. ఉప్పూ నూనే లేని మంతెన సత్యనారాయణరాజు వంటలు ముందు నుంచే చాలామందికి తెలుసు. తర్వాత వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి వచ్చింది. కొబ్బరినూనె, నిమ్మకాయలు, నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. విజయవాడలో మొదలైన ఆ మాట పల్లెల్లోని వాట్సాప్ గ్రూపుల దాకా పాకింది. డబ్బున్నవాళ్లు విజయవాడకో హైదరాబాదుకో వెళ్లి, పొట్ట చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాక సన్నబడే ఇంజెక్షన్ల మాట మొదలైంది. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మందుకు ఇక్కడి పేటెంట్ 2026 మార్చి వరకే. అలాంటి మందులు చౌకయ్యేకొద్దీ భారీగా బరువు తగ్గేవాళ్ల సంఖ్య పెరుగుతుంది.

అవసరం కూడా చిన్నదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నూరుమంది మహిళల్లో 36 మంది, పురుషుల్లో 31 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. వాళ్లలో ఎవరైనా ముప్ఫై, నలభై, యాభై కిలోలు తగ్గితే షుగర్ అదుపులోకి వస్తుంది, మోకాళ్ల నొప్పి తగ్గుతుంది, రాత్రి గురక లేకుండా నిద్ర పడుతుంది. అది పెద్ద విజయం. అయితే ఆ విజయం తర్వాత మిగిలేది ఒకటుంది. దాని గురించి డైటు చెప్పినవాళ్లు గానీ, పొట్ట ఆపరేషన్ చేసినవాళ్లు గానీ ముందుగా విడమరిచి చెప్పడం అరుదు. ఈరోజు ప్రసంగం దాని గురించే. వేలాడే చర్మం, దాన్ని తీయించే ఆపరేషన్, ఆ ఆపరేషన్‌కయ్యే డబ్బు.

కొవ్వు కరుగుతుంది గానీ దాన్ని ఏళ్ల తరబడి మోసిన చర్మం కరగదు. పొట్ట కింద మడత పడి తొడల మీదికి జారుతుంది. చేతులెత్తితే భుజాల కింద వేలాడుతుంది. తొడలు ఒరుసుకుంటాయి. రొమ్ములు జారిపోతాయి, మగవాళ్లకు కూడా. మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకే ఈ ప్రాంతంలో ఆ మడతల్లో చెమట ఆరదు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత దురద, తర్వాత ఫంగస్, పుండ్లు, వాసన. మిరప కోతకు రోజంతా వంగి పనిచేసే ఆడమనిషికి, ఫ్యాక్టరీ వేడిలో మందపాటి యూనిఫాం వేసుకునే కార్మికుడికి ఇది అందానికి సంబంధించిన బాధ కాదు, నడకకూ పనికీ సంబంధించిన బాధ. దీనికితోడు ఊళ్లో ఎదురైనవాళ్లు అడిగే మాట ఒకటి: "ఏంటమ్మా, ఇంతలా చిక్కిపోయావు, షుగరొచ్చిందా?" ఏడాదిన్నర కష్టపడి ఆరోగ్యం తెచ్చుకున్న మనిషి ఆ మాటతో మళ్లీ ఒంటినిండా కొంగు కప్పుకుని ఇంట్లో కూర్చునే పరిస్థితి వస్తుంది.

వ్యాయామం చేస్తే చర్మం బిగుసుకోదా అని చాలామంది అడుగుతారు. కొద్దిపాటి వదులైతే, వయసు చిన్నదైతే కొంత సర్దుకుంటుంది. కానీ చర్మానికి పట్టునిచ్చేవి కొలాజెన్, ఎలాస్టిన్ అనే పీచులు. ఏళ్లకేళ్లు సాగి ఉన్న చర్మంలో ఆ పీచులు దెబ్బతింటాయి. నాడాలోని ఎలాస్టిక్ ఒకసారి సాగిపోయాక ఎంత ఉతికినా మళ్లీ పట్టు రానట్టే, వ్యాయామంతో కింద ఉన్న కండ గట్టిపడుతుంది గానీ పైన వేలాడే తోలు వెనక్కి పోదు. బాగా మిగిలిపోయిన చర్మాన్ని క్రీములు, నూనె మర్దనలు, మెషీన్లు తీసేయలేవు. కోసి తీసి, మిగిలినదాన్ని కలిపి కుట్టాల్సిందే.

ఈ ఆపరేషన్ కొత్తదేమీ కాదు. అమెరికాలో బాల్టిమోర్ డాక్టర్ హోవర్డ్ కెల్లీ 1899లోనే పొట్ట మీద వేలాడే చర్మాన్నీ కొవ్వునూ కోసి తీసిన ఆపరేషన్ వివరాలు ప్రకటించాడు. ఇప్పుడు ఇందులో చాలా రకాలున్నాయి. పొట్ట కింద వేలాడే భాగాన్ని మాత్రమే తీసేయడం ఒకటి, దాన్ని పానిక్యులెక్టమీ అంటారు. చర్మం తీసి, వదులైన పొట్ట కండరాలను కూడా బిగించి, బొడ్డును సరైన చోట కుట్టడం రెండోది, అది అబ్డామినోప్లాస్టీ, జనం నోట టమ్మీ టక్. నడుము చుట్టూ బెల్టులా కోసి తీసేది మరొకటి. చేతులకు, తొడలకు, రొమ్ములకు వేరువేరు ఆపరేషన్లు. బాగా బరువు తగ్గినవాళ్లకు ఇవన్నీ ఒకేసారి కుదరవు. రెండు మూడు విడతలుగా, మధ్యలో కొన్ని నెలల ఎడంతో చేస్తారు. ఖర్చు కూడా అలాగే విడతలుగా వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పుకోవాలి. గొట్టంతో కొవ్వు పీల్చే లైపోసక్షన్ వేరు, వేలాడే చర్మం తీయడం వేరు. లైపోసక్షన్ బరువు తగ్గించే చికిత్స కాదు, చర్మాన్ని బిగించే చికిత్సా కాదు. "నువ్వు నాకు నచ్చావ్" సినిమాతో తెలుగు ఇళ్లన్నిటికీ పరిచయమైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో న్యూజెర్సీలో కన్నుమూసింది. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని, తర్వాత ఊపిరి అందని ఇబ్బంది పడిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఒంటి ఆకారం మార్చే ఏ ఆపరేషనైనా పార్లరు పని కాదు, మత్తు ఇచ్చి చేసే పెద్ద శస్త్రచికిత్స. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, గాయం విచ్చుకోవడం, చర్మం కింద నీరు చేరడం, చీము పట్టడం, ఇవన్నీ జరిగే అవకాశం ఉంది. అందుకే తక్కువ రేటు ఎక్కడ అనే ప్రశ్నకన్నా ముందు, చేసే డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో పేరు ఉందా, ఆసుపత్రిలో ఐసీయూ ఉందా అని అడగాలి.

ఇక డబ్బు సంగతి. ఒక లెక్క వేసి చూద్దాం. జగ్గయ్యపేటలో ఇంట్లోనే మగ్గం పని చేసుకునే ఒక ఇల్లాలు 108 కిలోల నుంచి 64 కిలోలకు దిగిందనుకుందాం. విజయవాడ ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట ఒక్కదానికే 2 లక్షల ప్యాకేజీ చెప్పారనుకుందాం. ప్యాకేజీ అనగానే అన్నీ అందులోనే అనుకుంటారు. సాధారణంగా సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, రెండు మూడు రోజుల గది వరకే ఉంటాయి. ముందు చేసే రక్తపరీక్షలు, గుండె పరీక్ష, స్కానింగ్ బయట. ఇంటికొచ్చాక వారాలపాటు వేసుకునే ప్రెషర్ బెల్టులు బయట, చెమటకు మార్చుకోవాలి కాబట్టి రెండు కావాలి. కుట్లు, డ్రెయిన్ పైపు తీయించుకోవడానికి, గాయం చూపించడానికి నాలుగైదుసార్లు 80 కిలోమీటర్లు కారులో వెళ్లి రావాలి, ఎందుకంటే కొత్త కుట్లతో బస్సులో అంతసేపు కూర్చోలేరు. తోడు వచ్చే మనిషి కూలి పోతుంది. ఆమె ఆరు వారాలు మగ్గం దగ్గర వంగి కూర్చోలేదు, ఆ సంపాదనా పోతుంది.

వీటన్నిటి పైన పన్ను. మన దేశంలో వైద్యానికి చాలావరకు జీఎస్టీ లేదు. కానీ సౌందర్య శస్త్రచికిత్సకు, ప్లాస్టిక్ సర్జరీకి ఆ మినహాయింపు వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన లోపం, దెబ్బ, ప్రమాదం, వీటివల్ల పాడైన శరీర భాగాన్ని సరిచేసేదైతేనే పన్ను ఉండదు. ఆ జాబితాలో బరువు తగ్గడం వల్ల మిగిలిన చర్మం అన్న మాట లేదు. అందువల్ల ఆసుపత్రి దీన్ని సౌందర్య చికిత్సగా రాస్తే 18 శాతం పన్ను పడుతుంది. 2 లక్షల బిల్లుకు 36 వేలు. మాట్లాడుకునే రోజునే "ఈ రేటు జీఎస్టీతో కలిపా, కాకుండానా?" అని అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది.

మరి ఆరోగ్య బీమా? ఇక్కడే అసలు మెలిక ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీల మినహాయింపులకూ ఒకే భాష, ఒకే నంబర్లు ఇచ్చింది. ఏ పాలసీ పుస్తకం తెరిచినా అవే నంబర్లు కనిపిస్తాయి. శ్రోతలు రెండు నంబర్లు గుర్తుపెట్టుకోవాలి, ఆరు, ఎనిమిది.

ఆరో నంబరు ఊబకాయం గురించి. బరువు తగ్గించే ఆపరేషన్ ఖర్చు కొన్ని షరతులతో ఇస్తారు. డాక్టరు సలహా ఉండాలి. వయసు 18 నిండాలి. ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. లేదా బీఎంఐ 35కు తగ్గకుండా ఉండి, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని టైప్ టూ షుగర్ లాంటి జబ్బు ఉండి, మిగతా పద్ధతులన్నీ ప్రయత్నించి విఫలమై ఉండాలి. 163 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బీఎంఐ 40 అంటే దాదాపు 106 కిలోలు, 35 అంటే 93 కిలోలు. అంటే ఊబకాయం జబ్బేనని, దానికి ఆపరేషన్ వైద్యమేనని బీమా నియమమే ఒప్పుకుంటోంది.

ఎనిమిదో నంబరు సౌందర్య, ప్లాస్టిక్ సర్జరీల గురించి. రూపం మార్చే ఏ చికిత్సకూ డబ్బు ఇవ్వరు. మినహాయింపులు నాలుగే. ప్రమాదం తర్వాత, కాలిన గాయాల తర్వాత, క్యాన్సర్ తర్వాత సరిచేసేవి మూడు. నాలుగోది, రోగి ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి వైద్యపరంగా అవసరమైన చికిత్సలో భాగమైనది. ఆ అవసరాన్ని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరించాలి.

ఈ నాలుగో మాటే పొట్ట చర్మం పుండ్లు పడ్డవాళ్లకు ఆధారం. చర్మం వదులుగా ఉంది, చూడ్డానికి బాగాలేదు అని రాస్తే క్లెయిమ్ తిరిగి వస్తుంది. మడతల్లో మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్, మందులు వాడినా తగ్గని పుండ్లు, నడవలేకపోవడం, ఇవి రికార్డులో ఉంటే కనీసం వాదించడానికి నిలబడే చోటు దొరుకుతుంది. అందుకు కాగితాలు కావాలి. దురద వచ్చిన మొదటి నెల నుంచే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, తేదీ ఉన్న ఓపీ చీటీ, మందుల బిల్లు, ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకోవాలి. మన ఊళ్లలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు కొని రాసుకుంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద ఆగుతుంది, ఫంగస్ మొండికేస్తుంది, చర్మం పలచబడుతుంది, పైగా డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు ఒక్క రుజువూ మిగలదు. ఒంటికీ నష్టం, క్లెయిమ్‌కూ నష్టం.

ఇంకో సంగతి హెర్నియా. సిజేరియన్ కుట్ల దగ్గరో, పాత పొట్ట ఆపరేషన్ గాటు దగ్గరో, బొడ్డు దగ్గరో కండ విడిపోయి పేగు పొడుచుకురావడం లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువ. బరువు తగ్గాక అది బయటపడుతుంది. హెర్నియా ఆపరేషన్ సౌందర్య చికిత్స కాదు, బీమా ఇస్తుంది. కాకపోతే చాలా పాలసీల్లో దానికి 24 నెలల వెయిటింగ్ ఉంటుంది. హెర్నియా బాగుచేసేటప్పుడే పైనున్న చర్మం కూడా తీయాల్సి వస్తే, ఏ భాగం బీమాకు, ఏ భాగం సొంతానికి అన్నది ముందే ఆసుపత్రి బీమా డెస్కుతో, కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లేని హెర్నియాను ఉన్నట్టు రాయించడం మాత్రం ఎవరూ చేయకూడదు. అది మోసం. పట్టుబడితే క్లెయిముతోపాటు పాలసీ కూడా పోవచ్చు, కుటుంబమంతా దిక్కులేకుండా మిగులుతుంది.

న్యాయమైన క్లెయిమ్‌ను కంపెనీ కాదంటే ఊరుకోనక్కర్లేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇచ్చే అధికారం ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. 5 లక్షల లోపు విషయమైతే అక్కడా ఫీజు లేదు.

పాలసీ లేని కుటుంబాల మాటేమిటి? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం లక్షల ఇళ్లను అప్పుల నుంచి కాపాడింది. అయితే అందం కోసం చేసే శస్త్రచికిత్సలకు అందులో చోటు లేదు. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్‌లోనూ లేదు. ఫ్యాక్టరీలో నెలకు 21 వేల లోపు జీతంతో ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు మొదట ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరుకు చూపించి, ఆయన రిఫరల్ మీదే పైకి వెళ్లాలి. సొంతంగా ప్రైవేటులో చేయించుకుని తర్వాత బిల్లు పెడదామంటే కుదిరే పని కాదు.

ప్రభుత్వాసుపత్రి తలుపు మూసి లేదు. మంగళగిరి ఎయిమ్స్‌లో, గుంటూరు పెద్దాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. పుండ్లు పడి నడవలేని మనిషి అక్కడికి వెళ్లి చూపించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాలిన కేసులు, ప్రమాదం కేసుల తర్వాతే ఈ చర్మం కేసుల వంతు వస్తుంది, ఎదురుచూపు తప్పదు. అయినా ప్రభుత్వ డాక్టర్ల చేతిలో పెద్ద పనులు జరుగుతూనే ఉన్నాయి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో 240 కిలోల బరువున్న యువకుడికి బరువు తగ్గించే ఆపరేషన్ చేశారు. పొరుగున తమిళనాడు ఇంకో అడుగు ముందుకు వేసింది. చెన్నై స్టాన్లీ ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో రొమ్ము సరిచేసే ఆపరేషన్లు పేద మహిళలకు ఉచితంగా చేస్తామని 2018లో ప్రకటించింది. అప్పుడు విమర్శలు వచ్చాయి. కానీ మోయలేని బరువుతో మెడ, వీపు నొప్పులు పడే స్త్రీకి అది వైద్యమేనని అక్కడి డాక్టర్లు నిలబడి చెప్పారు.

ప్రపంచంలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన దేశం బ్రెజిల్. అక్కడ బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత చర్మం తీసే ఆపరేషన్లను ప్రభుత్వ వైద్యవ్యవస్థే తన జాబితాలో చేర్చుకుంది. ప్రైవేటు బీమా కంపెనీలు మాత్రం అది అందం పని అంటూ వచ్చాయి. 2023 సెప్టెంబరులో ఆ దేశపు ఉన్నత న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత డాక్టరు అవసరమని రాసిన చర్మం శస్త్రచికిత్స ఊబకాయం చికిత్సకు కొనసాగింపేనని, కంపెనీలు చెల్లించాలని తేల్చింది. ఫ్రాన్స్‌లో పొట్ట చర్మం జననాంగాల పైనుండే ప్యూబిస్ భాగం మీదికి కొంతైనా జారి ఉంటే, ముందస్తు అనుమతితో ప్రభుత్వ బీమా భరిస్తుంది. అమెరికాలో, మన పిల్లలు చాలామంది ఉన్న చోట, అక్కడి బీమా కంపెనీలు ఎక్కువగా అడిగేవి ఇవి: చర్మం ఎంత కిందికి జారిందో చూపే ఫొటోలు, నెలల తరబడి మందులు వాడినా పుండ్లు తగ్గలేదన్న రికార్డు, ఆరు నెలలుగా నిలకడగా ఉన్న బరువు. ఇవి ఉంటే వేలాడే భాగం తీయడానికి ఇస్తాయి. కండరాలు బిగించి నడుము తీర్చిదిద్దడానికి ఇవ్వవు. ఈ గీత న్యాయమైనదే. జబ్బు ఎక్కడ ఆగి అలంకారం ఎక్కడ మొదలవుతుందో కొలవడానికి వాళ్ల దగ్గర ఒక కొలబద్ద ఉంది. మన పాలసీల్లో ఆ కొలబద్ద లేదు. "తక్షణ ముప్పు" అన్న రెండు మాటలకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటున్నారు. ఐఆర్‌డీఏఐ ఆ ఎనిమిదో నంబరు కింద భారీగా బరువు తగ్గినవాళ్ల చర్మం గురించి స్పష్టమైన షరతులు రాయాలి. ఆరో నంబరులో బీఎంఐ అంకెలు అంత వివరంగా రాసినవాళ్లకు ఇది అసాధ్యం కాదు.

నియమాలు మారే లోపు జేబులోంచి పెట్టుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఈ ఆపరేషన్‌కు తొందర లేదు. నిజానికి తొందరపడకూడదు. బేరియాట్రిక్ ఆపరేషన్ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బరువు కనీసం ఆరు నెలలు పెరగకుండా, తరగకుండా నిలబడాలి. ఇంకా తగ్గుతుండగా చేయిస్తే మళ్లీ వదులవుతుంది, మళ్లీ పెరిగితే కుట్టిన చర్మం సాగుతుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీ కాన్పుల తర్వాతే చేయించుకోవాలి. హిమోగ్లోబిన్, ప్రోటీన్, బీ12, ఐరన్ సరిపడా ఉండాలి, లేకపోతే గాయం మానదు. సిగరెట్ తాగేవాళ్లు కనీసం నెల ముందే మానేయాలి. ఒళ్లు కోరే ఈ గడువే డబ్బు కూడబెట్టుకునే గడువు.

నెలకు 10 వేలు చొప్పున 20 నెలలు రిజిస్టర్డ్ చిట్‌లోనో బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లోనో వేస్తే 2 లక్షలు చేతికొస్తాయి. అదే 2 లక్షలు ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6 వేలు వడ్డీకే పోతాయి. 20 నెలల్లో లక్షా 20 వేలు కట్టినా అసలు 2 లక్షలు అలాగే ఉంటాయి. తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే బ్యాంకులో బంగారం తాకట్టు నయం, ఆ వడ్డీ ఇందులో మూడో వంతు కూడా ఉండదు. కొన్ని ఆసుపత్రులు వడ్డీ లేని వాయిదాలని చెబుతాయి. అసలు సున్నా వడ్డీ అనేదే ఉండదని, ఆ భారం ఏదో రూపంలో కొనేవాడి మీదే పడుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. 2024 అక్టోబరు నుంచి ప్రతి వ్యక్తిగత రుణానికీ మొత్తం ఖర్చు వివరాలతో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి. అది చేతిలో పడకుండా సంతకం చేయకూడదు.

చేయించుకునే నెల కూడా ముఖ్యమే. ఆపరేషన్ తర్వాత రాత్రింబవళ్లు బెల్టు బిగించుకుని ఉండాలి. ఏప్రిల్, మే ఎండల్లో నందిగామలో అది నరకం, పైగా చెమటకు గాయం పాడవుతుంది. మిరప కోతలు జనవరి తర్వాత ముమ్మరమవుతాయి. అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో చేయించుకుంటే చల్లటి రోజుల్లో గాయం మానుతుంది, సంక్రాంతికి మనిషి తేరుకుంటాడు, కోతల కూలి పోదు. తేదీ అడిగేటప్పుడు ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఒకేసారి అన్నీ చేయించుకోవాలన్న ఆరాటం కూడా వద్దు. ఏది ఎక్కువ బాధపెడుతోందో అది ముందు. చాలామందికి అది పొట్ట. పొట్ట మడత పోతే నడక, పని, శుభ్రత మూడూ బాగుపడతాయి. చేతులు, తొడలు తర్వాత చూసుకోవచ్చు, కొందరికి అక్కర్లేకపోవచ్చు కూడా. మచ్చ మాత్రం మిగులుతుంది. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా గీతలా జీవితాంతం ఉంటుంది. ముందే తెలిసి ఒప్పుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

చివరిగా, బరువు తగ్గాలని నిర్ణయించుకున్న కుటుంబాలకు ఒక విన్నపం. డైటు మొదలుపెట్టే రోజునే, ఇంజెక్షన్ వేయించుకునే రోజునే, బేరియాట్రిక్ ఆపరేషన్‌కు డబ్బు కట్టే రోజునే ఈ రెండో ఖర్చును కూడా లెక్కలో రాసుకోండి. "తర్వాత చర్మం సంగతేంటి?" అని డాక్టరును అడగండి. పాలసీ పుస్తకంలో ఆరు, ఎనిమిది నంబర్లు చదవండి. ఓపీ చీటీలు పారేయకండి. ఇంట్లో ఎవరైనా మడతల్లో పుండ్లతో బాధపడుతుంటే సిగ్గుపడి దాచుకోనివ్వకుండా చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అది వాళ్ల సోకు కాదు, సగంలో ఆగిన వైద్యం.